తగు చర్య నిమిత్తం: నిఘా సమాచారం ఎక్కడ ఆగిపోతుంది

2019 ఏప్రిల్ 11న కొలంబోలో ఒక పోలీసు డీఐజీ సంతకంతో ఒక ఉత్తరం వెళ్లింది. అందులో నేషనల్ తౌహీద్ జమాత్ అనే సంస్థ పేరుంది, దాని నాయకుడు జహ్రాన్ హాషిమ్ పేరుంది, ఆత్మాహుతి దాడులకు సిద్ధమవుతున్నారని ఉంది, క్యాథలిక్ చర్చిలూ భారత హైకమిషన్ కార్యాలయమూ గురి కావచ్చని కూడా ఉంది. నిఘా ప్రపంచంలో ఇంతకంటే స్పష్టమైన సమాచారం దొరకడం చాలా అరుదు. అయితే ఆ ఉత్తరం ఎవరికి వెళ్లిందన్నది ముఖ్యం. మంత్రులకు, జడ్జీలకు, దౌత్యవేత్తలకు కాపలా కాసే పోలీసు విభాగాలకు వెళ్లింది. చర్చిలకు వెళ్లలేదు. పది రోజులకి, ఈస్టర్ ఆదివారం ఉదయం, మూడు చర్చిల్లోనూ కొలంబోలోని మూడు పెద్ద హోటళ్లలోనూ బాంబులు పేలి 260 మందికి పైగా చనిపోయారు. ముందే తెలిసి ఉంటే ఆ రోజు ప్రార్థనలే రద్దు చేసి ఉండేవాళ్లమని కొలంబో ఆర్చిబిషప్ కార్డినల్ మాల్కం రంజిత్ ఆ తర్వాత అన్నారు.

ఆ సమాచారం శ్రీలంక తనంతట తాను కనిపెట్టింది కాదు, భారత నిఘా సంస్థలు ఏప్రిల్ 4న ఇచ్చింది. పరాయి దేశం పేర్లతో సహా చేతిలో పెట్టిన సమాచారం అది. శ్రీలంక నిఘా విభాగం అధిపతికి చేరింది, అక్కడి నుంచి పై అధికారులకు వెళ్లింది, ఏప్రిల్ 9న పోలీసు ఐజీకి అందింది, ఆయన దగ్గర్నుంచి కిందికి దిగి 11న ఆ డీఐజీ ఉత్తరంగా మారింది. ఏప్రిల్ 20న భారత్ మళ్లీ హెచ్చరించింది. దాడి జరిగిన రోజు ఉదయం కూడా హెచ్చరిక అందింది. అంటే కాగితం ఎక్కడా పోలేదు, చేతులు మారుతూనే ఉంది, ప్రతి చేతిలోనూ ఒక ముద్ర పడుతూనే ఉంది, కానీ ఏ చేతిలోనూ అది పనిగా మారలేదు. పైన పరిస్థితి ఇంకా ఘోరం. 2018 అక్టోబర్‌లో అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేనకూ ప్రధాని రణిల్ విక్రమసింఘెకూ గొడవ ముదిరాక, ప్రధానిని జాతీయ భద్రతా మండలి సమావేశాలకు పిలవడమే మానేశారు. రక్షణ శాఖా, పోలీసు శాఖా రెండూ అధ్యక్షుడి చేతిలోనే ఉన్నాయి. ఆయన ఆ ఏప్రిల్ మూడో వారంలో మన తిరుమలకు దర్శనానికి వచ్చి, అటునుంచి సింగపూర్ వెళ్లారు, తన స్థానంలో రక్షణ శాఖ చూసుకోమని ఎవరినీ పెట్టకుండానే వెళ్లారు.

మన ఆఫీసుల్లో ఒక మాట ఉంది. ఏ కాగితం కిందికి పంపినా చివర్లో 'సమాచారం మరియు తగు చర్య నిమిత్తం' అని రాస్తారు. ఆ తగు చర్య ఏమిటో, ఎవరు చేయాలో, ఎప్పటిలోగా చేయాలో, చేశాక ఎవరికి చెప్పాలో అందులో ఉండదు. భద్రతా సంస్థల మధ్య సమాచారం పంచుకోవడం గురించి మాట్లాడేటప్పుడు చర్చంతా 'ఎవరు ఎవరికి చెప్పలేదు' అన్న దాని చుట్టూనే తిరుగుతుంది. అది అవసరమే. కానీ చెప్పిన తర్వాత ఏమైందన్నది దానికంటే పెద్ద ప్రశ్న, అది మాత్రం ఎవరూ గట్టిగా అడగరు. ఎక్కడ బాంబు పేలినా ఆ సాయంత్రం టీవీలో రెండు మాటలు వినిపిస్తాయి. కేంద్రం 'ముందే అలర్ట్ చేశాం' అంటుంది, రాష్ట్రం 'మాకు స్పెసిఫిక్ ఇన్‌పుట్ ఏమీ రాలేదు' అంటుంది. ఇద్దరూ అబద్ధం చెబుతున్నారని జనం అనుకుంటారు. నిజానికి ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు, అసలు జబ్బు అక్కడే ఉంది.

ముందు చెప్పకపోవడం సంగతి చూద్దాం, ఎందుకంటే మన దేశంలో దానికి అచ్చంగా కాగితం మీద దొరికే ఉదాహరణ ఒకటుంది. కార్గిల్ యుద్ధం ముగిశాక కె.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో వేసిన సమీక్ష కమిటీ తన నివేదికలో ఒక ఉత్తరం గురించి రాసింది. 1998 జూన్‌లో, అంటే యుద్ధానికి దాదాపు ఏడాది ముందు, కార్గిల్‌కు ఎదురుగా నియంత్రణ రేఖ అవతల జరుగుతున్న కదలికల గురించి ఇంటెలిజెన్స్ బ్యూరో డైరెక్టర్ ఒక నోట్ పంపారు. ప్రధానికి వెళ్లింది, హోం మంత్రికి వెళ్లింది, కేబినెట్ సెక్రటరీకి, హోం సెక్రటరీకి, సైనిక ఆపరేషన్ల డైరెక్టర్ జనరల్‌కు వెళ్లింది. వెళ్లనిది ఎవరికంటే విదేశీ నిఘా చూసే 'రా' అధిపతికి, అన్ని నిఘా నివేదికలనూ కలిపి చదవాల్సిన జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ చైర్మన్‌కు, మిలిటరీ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ జనరల్‌కు. అంటే దేశంలో అందరికంటే పెద్దవాళ్లకు చేరింది, ఆ ముక్కను పక్క ముక్కతో కలిపి చూడటమే ఉద్యోగంగా ఉన్న ముగ్గురికీ చేరలేదు. పెద్దవాళ్ల బల్ల మీద పడిన కాగితం పక్కన ఇంకో వంద కాగితాలుంటాయి. ఆ నోటుకు అర్థం ఇవ్వగలిగే వాళ్ల బల్ల మీద అది పడనే లేదు. 1999 మేలో చొరబాటు బయటపడింది. జూలై చివరికి ఐదు వందల మందికి పైగా సైనికులు చనిపోయారు.

ఆ కమిటీ నివేదిక మీద మంత్రుల బృందం కూర్చుంది, 2001లో సిఫార్సులు చేసింది. అందులోంచే మల్టీ ఏజెన్సీ సెంటర్ పుట్టింది, అందరూ దాన్ని మ్యాక్ అంటారు. ఇంటెలిజెన్స్ బ్యూరో గొడుగు కింద అన్ని సంస్థలూ రోజూ ఒకచోట కూర్చుని తమ దగ్గరున్నది బల్ల మీద పెట్టాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ చాలా ఏళ్లపాటు దానికి మనుషుల్ని ఇవ్వలేదు, రాష్ట్రాలతో సరైన లింకు లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరైనా సమాచారం ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని అడిగే అధికారం దానికి లేదు. ఇష్టమైతే పెట్టు, లేకపోతే లేదు అన్నట్టే నడిచింది.

అలా ఉండగానే 2008 నవంబర్ 26 వచ్చింది. ముంబై దాడి గురించి తర్వాతి ఏళ్లలో ఒక్కొక్కటే బయటికొచ్చిన వివరాలు చదివితే నిద్ర పట్టదు. సముద్రం మీదుగా దాడి జరగొచ్చని, తాజ్ లాంటి హోటళ్లు గురి కావచ్చని ముందే హెచ్చరికలున్నాయి. డేవిడ్ హెడ్లీ అనే అమెరికా పౌరుడు 2006 నుంచి 2008 మధ్య ఐదుసార్లు ముంబై వచ్చి హోటళ్లు, రైల్వే స్టేషన్, పడవలు దిగే చోటు అన్నీ వీడియోలు తీసుకుని వెళ్లాడు. వాడి భార్యల్లో ఇద్దరు, వేర్వేరు సమయాల్లో, వాడికి ఉగ్రవాదులతో సంబంధాలున్నాయని అమెరికా అధికారులకు చెప్పారు. ఒకరు 2005లో న్యూయార్క్‌లో చెప్పారు, ఇంకొకరు దాడికి ముందటి నెలల్లో ఇస్లామాబాద్‌లోని అమెరికా ఎంబసీకి వెళ్లి చెప్పారు. ఇక 2014 డిసెంబర్‌లో అమెరికా పత్రికలు బయటపెట్టిన విషయం వీటన్నిటికంటే బాధాకరం. లష్కరే తోయిబా టెక్నాలజీ వ్యవహారాలు చూసే మనిషి కంప్యూటర్ మీద బ్రిటిష్ నిఘా సంస్థ కన్నేసి ఉంచింది, అదే మనిషి మీద భారత సంస్థ కూడా విడిగా కన్నేసి ఉంచింది, ఒకరు చూస్తున్న సంగతి ఇంకొకరికి తెలియదు. అమెరికన్లకు ఇంకోవైపు నుంచి ఇంకో ముక్క దొరికింది. మూడు దేశాల దగ్గర మూడు ముక్కలున్నాయి, ఒక బల్ల మీద పెట్టి కలిపిన వాళ్లు లేరు. దాడి మొదలయ్యాక మాత్రం కలిపారు, అప్పుడు చాలా వేగంగా కలిసిపోయాయి. 166 మంది చనిపోయారు.

ఇది మన దగ్గరే జరిగే విషయం అనుకోవద్దు. 2000 జనవరిలో కౌలాలంపూర్‌లో జరిగిన అల్‌ఖైదా సమావేశానికి వెళ్లిన ఇద్దరిని సీఐఏ గుర్తించింది, ఒకడి దగ్గర అమెరికా వీసా ఉందని కూడా దానికి తెలుసు. వాళ్లిద్దరూ అదే నెలలో లాస్ ఏంజిలెస్‌లో దిగారు, శాన్‌డియెగోలో ఇల్లు అద్దెకు తీసుకుని బతికారు, కొన్నాళ్లు ఎఫ్‌బీఐ ఇన్ఫార్మర్ ఇంట్లోనే ఒక గదిలో ఉన్నారు. నిఘా జాబితాలో వాళ్ల పేర్లు చేరింది 2001 ఆగస్టు చివర్లో. సెప్టెంబర్ 11న పెంటగాన్‌ను ఢీకొట్టిన విమానంలో ఆ ఇద్దరూ ఉన్నారు. డబ్బు, మనుషులు, కంప్యూటర్లు అన్నీ ఉన్న దేశంలో ఇది జరిగింది. కాబట్టి మనకు టెక్నాలజీ తక్కువ అన్న జవాబుతో సరిపెట్టుకోలేం.

మరి ఎందుకు చెప్పరు? బయట నుంచి చూసేవాళ్లు దీన్ని అహంకారం కిందో, ఈర్ష్య కిందో కొట్టిపారేస్తారు. అది కొంత నిజమే, పతకాలు, ప్రమోషన్లు, ఢిల్లీలో పలుకుబడి, ఇవన్నీ 'మేమే కనిపెట్టాం' అన్న మాట మీద ఆధారపడి ఉన్నప్పుడు ముక్కను చివరిదాకా దాచుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ దాని వెనక కొట్టిపారేయలేని కారణం ఒకటుంది. ప్రతి సమాచారం వెనకా ఒక మనిషి ఉంటాడు. అడవి అంచు పల్లెలో కిరాణా కొట్టు నడిపేవాడు కావచ్చు, దళంలో ఉంటూనే కబురు పంపేవాడు కావచ్చు, సరిహద్దు అవతల ఆఫీసులో గుమాస్తా కావచ్చు. ఆ సమాచారం పదిమంది చేతుల్లోకి వెళ్తే, ఆ పదిమందిలో ఒక్కరి నోరు జారితే, అవతలివాళ్లు వెనక్కి లెక్క కట్టి 'ఈ సంగతి తెలిసింది ఐదుగురికే' అని ఆ మనిషి దగ్గరికొస్తారు. ఇన్ఫార్మర్ అన్న ముద్ర వేసి చంపి, దారి మీద శవం పక్కన చీటీ పెట్టిన వార్తలు తెలుగు పత్రికలు చదివేవాళ్లకు కొత్త కాదు. అందుకే ఒక నిఘా అధికారి తన సోర్స్‌ను కన్నబిడ్డలా కాచుకుంటాడు, ఎవరికీ చెప్పడు, చెప్పినా సగమే చెబుతాడు. సగం సమాచారం విన్నవాడికి అది గాలివార్తలా ఉంటుంది. 'ఎలా తెలిసింది' అని అడిగితే జవాబుండదు, జవాబు లేని దాని మీద బలగాలను కదపడానికి ఏ ఎస్పీకీ ధైర్యం చాలదు.

దేశాల మధ్య ఇది ఇంకా గట్టి నియమం. నేను నీకిచ్చినదాన్ని నా అనుమతి లేకుండా నువ్వు మూడోవాడికి ఇవ్వకూడదు, కోర్టులో పెట్టకూడదు, బయట మాట్లాడకూడదు. ఈ నియమం లేకపోతే ఏ దేశమూ ఏ దేశానికీ ఏమీ ఇవ్వదు. కానీ దీనివల్లే, ఢిల్లీకి విదేశం నుంచి వచ్చిన సమాచారం జిల్లాకు చేరేసరికి పేర్లు పోయి, తేదీలు పోయి, 'పండగల సమయంలో రద్దీ ప్రదేశాల్లో అప్రమత్తంగా ఉండాలి' అన్న వాక్యంగా మిగులుతుంది. ఆ వాక్యం చదివిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఏం చేస్తాడు? బస్టాండ్‌లో నాలుగు బ్యాగులు తనిఖీ చేయిస్తాడు, ఫొటో తీయించి పంపుతాడు. అంతకంటే చేయడానికి ఆ వాక్యంలో ఏమీ లేదు.

దీనికి తోడు ఇంకో అలవాటు పెరిగింది, ఇది ఎక్కువ ప్రమాదకరం. రేపు ఏదైనా జరిగితే 'మీరు ఎందుకు చెప్పలేదు' అన్న మాట పడకూడదని, చేతికి అందిన ప్రతిదాన్నీ అలర్ట్ చేసి పంపేయడం. పంపినవాడి వీపు భద్రంగా ఉంటుంది. అందుకున్నవాడి బల్ల మీద మాత్రం గుట్ట పేరుకుపోతుంది. నాన్నా పులి కథలో పిల్లాడు సరదాకు అరిచాడు, ఇక్కడ భయంతో అరుస్తున్నారు, కానీ ఊరివాళ్ల చెవులకు జరిగేది ఒకటే. అన్నీ పంచుకోవడం కూడా ఒక రకంగా ఏమీ పంచుకోకపోవడమే అవుతుంది.

హైదరాబాద్ దీన్ని కళ్లారా చూసింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఏడు గంటల సమయంలో దిల్‌సుఖ్‌నగర్‌లో, 107 బస్టాప్ దగ్గర ఒకటి, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర ఒకటి, సైకిళ్ల మీద పెట్టిన బాంబులు పేలాయి. 18 మంది చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. కోచింగ్ సెంటర్ల నుంచి వచ్చే పిల్లలు, ఇళ్లకు వెళ్లే ఉద్యోగులు, సాయంత్రం మిర్చిబజ్జీ కోసం ఆగినవాళ్లు. ఆ రాత్రే కేంద్ర హోం మంత్రి సుశీల్ కుమార్ షిండే రెండు రోజుల ముందే రాష్ట్రాలకు హెచ్చరికలు పంపామని చెప్పారు. అవి మామూలుగా వచ్చే సాధారణ హెచ్చరికలేనని ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి అన్నారు. ఇక్కడే అసలు గుండెకోత ఉంది. అంతకు నాలుగు నెలల ముందు, 2012 అక్టోబర్‌లో, ఇండియన్ ముజాహిదీన్‌తో సంబంధాలున్నాయని కొందరిని అరెస్టు చేసిన ఢిల్లీ పోలీసులు ఒక ప్రకటన ఇచ్చారు. నిందితులు హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, బేగంబజార్, అబిడ్స్ ప్రాంతాల్లో మోటార్‌సైకిల్ మీద తిరిగి రెక్కీ చేశారని విచారణలో చెప్పినట్టు అందులో ఉంది. రహస్య ఫైలు కూడా కాదు, పత్రికలకిచ్చిన ప్రకటన. దిల్‌సుఖ్‌నగర్ పేరు అక్షరాలా ఉంది. ఇంతకంటే స్పెసిఫిక్ అంటే ఏమిటి? తేదీ, గంట, సైకిల్ రంగు కూడా ఉండాలా?

ఆ పేరు తెలిసి, దాన్ని నాలుగు నెలలపాటు తన పనిగా పెట్టుకున్నది ఎవరు అన్నది అడగాల్సిన ప్రశ్న. రెక్కీ చేసిన చోటికి ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వస్తారు, ఆ రోజు రేపు కావచ్చు, ఆరు నెలల తర్వాత కావచ్చు. అంతకాలం ఒక బస్టాప్ మీద కన్నేసి ఉంచడం చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే స్టేషన్లో ఉన్న సిబ్బందినే బందోబస్తుకూ, వీఐపీ రాకపోకలకూ, ఊరేగింపులకూ పంపాలి. ఇది న్యాయమైన ఇబ్బందే. కానీ మనుషులు చాలకపోవడం వేరు, ఇది ఎవరి బాధ్యతో రాసి లేకపోవడం వేరు. మొదటిది డబ్బుతో తీరుతుంది, రెండోది తీరదు.

ముంబై తర్వాత మార్పులు రాలేదని అనడం అన్యాయం. హోం మంత్రిగా వచ్చిన చిదంబరం 2008 డిసెంబర్ 31న ఇప్పించిన ఉత్తర్వుతో, మ్యాక్ తన దగ్గరున్నది మిగతా సంస్థలకు ఇవ్వాలనీ మిగతా సంస్థలు తమ దగ్గరున్నది మ్యాక్‌కు ఇవ్వాలనీ బాధ్యత పడింది. అంతవరకు అది మర్యాద, అప్పటినుంచి విధి. రాష్ట్రాల్లో దాని అనుబంధ కేంద్రాలు వచ్చాయి, రోజూ సమావేశం జరగడం మొదలైంది. ఉగ్రవాద కేసుల దర్యాప్తుకు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ వచ్చింది, 2009లో హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో కేంద్ర కమాండో బలగం ఎన్‌ఎస్‌జీ హబ్‌లు వచ్చాయి, వేర్వేరు శాఖల దగ్గరున్న ప్రయాణ, బ్యాంకు, టెలిఫోన్ వివరాలను ఒకచోట నుంచి చూసేలా నాట్‌గ్రిడ్ ఆలోచన మొదలైంది, 2025 మేలో ఢిల్లీ నార్త్ బ్లాక్‌లో కొత్త మ్యాక్ ప్రారంభమైంది. కాగితం ప్రయాణం చేసే రోడ్డు చాలా బాగుపడింది.

ఆగిపోయినది జాతీయ ఉగ్రవాద నిరోధక కేంద్రం. అది ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే అందరూ అనుకున్నట్టు అదంతా రాజకీయం కాదు. 2012 ఫిబ్రవరిలో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, మార్చి 1 నుంచి పని మొదలుపెట్టాలనుకుంది. దాన్ని ఇంటెలిజెన్స్ బ్యూరో లోపల పెట్టారు, సోదాలు చేసే, అరెస్టు చేసే అధికారం కూడా ఇచ్చారు. మమతా బెనర్జీ, నవీన్ పట్నాయక్, జయలలిత, అప్పటికి గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్న నరేంద్ర మోదీ అందరూ ఎదురుతిరిగారు. పోలీసు వ్యవస్థ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పరిధిలోది, రహస్యంగా సమాచారం సేకరించే సంస్థకే అరెస్టు చేసే అధికారం కూడా ఇస్తే ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్నది వాళ్ల అభ్యంతరం. ఆ అభ్యంతరం సరైనదే. రాష్ట్రానికి తెలియకుండా రాష్ట్రంలో అరెస్టు చేయగలిగే వ్యవస్థ వస్తే, రాష్ట్ర పోలీసులు కేంద్రంతో పంచుకోవడం పెరగదు, తగ్గుతుంది. నమ్మకం లేనిచోట ఉత్తర్వుతో సమాచారం రాబట్టలేం. వచ్చేది సారం తీసేసిన పిప్పి మాత్రమే.

పని చేసే పద్ధతి ఒకటి ఎలా ఉంటుందో తెలుగు నేల మీదే ఉంది. 1989లో కె.ఎస్.వ్యాస్ ఆధ్వర్యంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రేహౌండ్స్ ఏర్పడింది. బయటికి ఆ బలగం పేరే వినిపిస్తుంది, దానికి కళ్లూ చెవులూ అయినది స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్, ఎస్ఐబీ. మావోయిస్టుల మీద రాష్ట్ర పోలీసులు పైచేయి సాధించడానికి కమాండోల శిక్షణ ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. అది సగమే. సమాచారం తెచ్చేవాడూ దాని మీద కదిలేవాడూ ఒకే ఇంటివాళ్లు కావడం మిగతా సగం. ఎస్ఐబీ ఒక ముక్క ఇస్తే దాని మీద ఎవరు కదలాలో ముందే తెలుసు, వెళ్లొచ్చాక అక్కడ ఏముందో, ఏం లేదో తిరిగి చెప్పే దారి ఉంది. తిరిగి చెప్పడం అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. తను పంపిన సమాచారం నిజమైందా కాదా అన్నది సేకరించినవాడికి తెలిస్తేనే, వాడు తన సోర్స్‌లో ఎవరిని నమ్మాలో నేర్చుకుంటాడు. ఢిల్లీ నుంచి జిల్లాకు వెళ్లే అలర్ట్‌కు ఈ తిరుగు టపా బలహీనం, అందుకే అలర్ట్ రాసేవాడు ఏళ్ల తరబడి అలాగే రాస్తూ ఉంటాడు.

అదే గ్రేహౌండ్స్ రాష్ట్రం సరిహద్దు దాటితే ఏమైందో కూడా చూడాలి. 2008 జూన్ 29న ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలో బలిమెల రిజర్వాయర్ దాటుతున్న బోటు మీద కొండల పైనుంచి మావోయిస్టులు దాడి చేశారు. 38 మంది పోలీసులు చనిపోయారు, ఎక్కువమంది గ్రేహౌండ్స్ వాళ్లే. ఆ బలగం చరిత్రలో అంత పెద్ద దెబ్బ లేదు. సరిహద్దు దాటగానే నీళ్లు, కొండలు, ఊళ్లు అన్నీ వేరే రాష్ట్రం పోలీసులకు తెలిసినవి, ముందు చెప్తే కబురు బయటికి పొక్కుతుందేమోనన్న భయం, చెప్పకపోతే దారి తెలియని ఇబ్బంది. ఈ రెండింటి మధ్య ఎన్నో ఆపరేషన్లు నలిగిపోయాయి. ఆ తర్వాతి ఏళ్లలో రెండు రాష్ట్రాల పోలీసులూ కలిసి పనిచేయడం పెరిగింది, 2016 అక్టోబర్‌లో అదే మల్కన్‌గిరిలో రామ్‌గూడ దగ్గర జరిగిన ఉమ్మడి ఆపరేషన్‌లో రెండు డజన్ల మందికి పైగా మావోయిస్టులు చనిపోయారు. అది బూటకపు ఎన్‌కౌంటర్ అని హక్కుల సంఘాలు ఆరోపించాయి. సమాచారం సమర్థంగా చేతులు మారడం ఒక ప్రశ్న, దాంతో ఏం చేశారన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి మంచి జవాబు దొరికినంత మాత్రాన రెండోది మాయమైపోదు.

ఆ రెండో ప్రశ్న తెలంగాణలో ఇంకో రూపంలో ముందుకొచ్చింది. 2024 మార్చిలో బయటపడిన ఫోన్ ట్యాపింగ్ వ్యవహారంలో, మావోయిస్టుల కోసం పెట్టుకున్న ఎస్ఐబీ పరికరాలనూ మనుషులనూ రాజకీయ ప్రత్యర్థులు, వ్యాపారులు, జర్నలిస్టుల మీద వాడారన్నది ఆరోపణ. ఎవరు దోషులో తేల్చాల్సింది కోర్టు. కానీ ఆరోపణ స్వభావమే ఒక విషయం చెబుతోంది: దేశం మొత్తానికి ఆదర్శమని చెప్పుకున్న విభాగం లోపల ఏం జరుగుతోందో బయటినుంచి చూసే కన్ను ఒక్కటి కూడా లేదు. సంస్థలన్నీ సమాచారం పంచుకోవాలని అడుగుతున్నామంటే, ఒకచోట దుర్వినియోగమైనది పదిచోట్లకు పాకే దారిని కూడా తెరుస్తున్నట్టే. అమెరికా దీన్ని ఇంకో వైపు నుంచి అనుభవించింది. సెప్టెంబర్ 11 తర్వాత 'అవసరమైనవాడికే చెప్పు' అన్న పాత సూత్రాన్ని వదిలి అందరికీ తలుపులు తెరిచింది. 2010లో ఒక్క సైనిక ఉద్యోగి చేతిమీదుగా రెండున్నర లక్షల దౌత్య పత్రాలు వికీలీక్స్‌కు వెళ్లాక, విదేశాంగ శాఖ తన పత్రాలను ఆ ఉమ్మడి నెట్‌వర్క్ నుంచి వెనక్కి లాక్కుంది.

మన దగ్గర ఇంటెలిజెన్స్ బ్యూరోకి గానీ 'రా'కి గానీ పార్లమెంటు చేసిన చట్టం లేదు. నాట్‌గ్రిడ్‌ను 2011లో సమాచార హక్కు చట్టం నుంచి మినహాయించారు. అదే ఏడాది ఎంపీ మనీష్ తివారీ నిఘా సంస్థల మీద పార్లమెంటు పర్యవేక్షణ కోసం ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న చట్టసభల కమిటీలు అద్భుతంగా పనిచేస్తున్నాయని కాదు. కనీసం మూసిన తలుపుల వెనకైనా 'ఆ రోజు ఈ కాగితం నీ దగ్గరికొచ్చింది, నువ్వేం చేశావు' అని అడగగలిగే గది ఒకటి వాళ్లకుంది. భద్రత కోరుకునేవాళ్లకూ వ్యక్తిగత స్వేచ్ఛ కోరుకునేవాళ్లకూ ఈ విషయంలో గొడవ పడాల్సిన అవసరమే లేదు, ఇద్దరికీ కావాల్సింది ఆ గదే. సమాచారాన్ని మూలన పడేసినవాడిని పట్టుకునేదీ, దాన్ని పక్కింటి రాజకీయ నాయకుడి మీద వాడినవాడిని పట్టుకునేదీ ఒకే రికార్డు. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, చూసి ఏం చేశారు అన్న మూడు గళ్లు ఉంటే చాలు.

అలర్ట్ పంపే పద్ధతిలో మార్చగలిగినవి పెద్ద విప్లవాలు కావు. సోర్స్ పేరు తీసేసినా, ఎంత నమ్మకంగా చెబుతున్నారో ఒక మాట ఉంచొచ్చు. ఇది అందరికీ వెళ్లే మామూలు హెచ్చరికా, మీ ఊరి పేరు ప్రత్యేకంగా వినిపించిందా అన్నది దాచాల్సిన పని లేదు. ప్రతి ముఖ్యమైన అలర్ట్‌కూ కింద ఒక అధికారి హోదా రాసి, ఇన్ని రోజుల్లో జవాబు రావాలని అడగొచ్చు. ముప్పు తగ్గిందని తేలితే తగ్గిందని కూడా పంపాలి, ఎందుకంటే పాత అలర్ట్‌లు రద్దు కాకుండా పేరుకుపోతుంటే కొత్తది కనిపించదు. చివరగా, దాడి ఎవరి మీద జరగొచ్చో వాళ్లకు చెప్పాలి. గుడి కమిటీకి, చర్చి ఫాదర్‌కు, మసీదు పెద్దలకు, సినిమా హాలు మేనేజర్‌కు, బస్ డిపో సూపర్‌వైజర్‌కు. జనం కంగారు పడతారని చెప్పకుండా ఉండటం మామూలుగా వినిపించే సాకు. కొలంబోలో వీఐపీల గన్‌మెన్లకు తెలిసిన సంగతి చర్చిలో మోకరిల్లిన తల్లికి తెలియకపోవడానికి కారణం ఏ పేరుతో చెప్పినా ఒప్పుకోవడం కష్టం.

ఆ దేశంలో తర్వాత జరిగింది మన దగ్గర ఇంకా జరగనిది. బాధిత కుటుంబాలు, చర్చి ప్రతినిధులు, లాయర్లు వేసిన ప్రాథమిక హక్కుల పిటిషన్ల మీద 2023 జనవరి 12న శ్రీలంక సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సమాచారం చేతికందీ కదలకపోవడం ప్రజల ప్రాథమిక హక్కుల్ని ఉల్లంఘించడమే అంది. మాజీ అధ్యక్షుడు సిరిసేన సొంత జేబులోంచి పది కోట్ల శ్రీలంక రూపాయలు కట్టాలని, అప్పటి పోలీసు ఐజీ, నిఘా విభాగం అధిపతి చెరో ఏడున్నర కోట్లు, రక్షణ శాఖ కార్యదర్శి ఐదు కోట్లు, జాతీయ నిఘా అధిపతి కోటి కట్టాలని ఆదేశించింది. దిల్‌సుఖ్‌నగర్ కేసులో బాంబులు పెట్టినవాళ్లకు 2016లో ఎన్ఐఏ కోర్టు ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. క్రిమినల్ కేసు తేల్చేది నేరం ఎవరు చేశారన్నదే. శ్రీలంక కోర్టు ముందు నిలబడిన ఐదుగురిలో ఎవరూ బాంబు పెట్టలేదు. వాళ్ల దగ్గరికి ఒక కాగితం వచ్చింది, అంతే.